తల్లి వరస పట్టుకుని తైవాన్ నుంచి పసిఫిక్ దాకా: నా అనుభవం

ఆస్ట్రోనేషియన్ భాషలు మాట్లాడేవాళ్ల పూర్వీకులు తైవాన్ వైపు నుంచి ఫిలిప్పీన్స్, ఇండోనేషియాల మీదుగా ఒక పక్క ఈస్టర్ దీవి దాకా, ఇంకో పక్క మడగాస్కర్ దాకా పడవల్లో పోయారు. ఆ దారిని మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం) డీఎన్‌ఏలో వెతకడానికి సొంత ల్యాబ్ అక్కర్లేదు. ఈ డీఎన్‌ఏ తల్లి నుంచే పిల్లలకు వస్తుంది. పూర్తి సీక్వెన్సులు (డీఎన్‌ఏ అక్షరాల వరుసలు) జెన్‌బ్యాంక్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి, మామూలు ల్యాప్‌టాప్ చాలు. నా టైమంతా రెండు చోట్ల పోయింది: వంశవృక్షం లాంటి చెట్టు గీయకముందు సీక్వెన్సులు నమ్మదగినవో కావో తేల్చడం, గీశాక వచ్చిన ఏళ్ల లెక్కను పడవ బయల్దేరిన తేదీగా చదవకుండా ఉండటం. మిగతాదంతా సాఫ్ట్‌వేర్ చేసేస్తుంది.

ముందు నంబర్ల సంగతి. మైటోకాండ్రియా డీఎన్‌ఏ పొడవు 16,569 అక్షరాలు. స్థానాలన్నిటినీ సవరించిన కేంబ్రిడ్జ్ రిఫరెన్స్ అనే ప్రామాణిక సీక్వెన్సుతో పోల్చి చెబుతారు. అది 1981లో వచ్చింది, 1999లో సవరించారు. జెన్‌బ్యాంక్ నంబరు ఎన్‌సీ_012920. పాత సీక్వెన్సులో ఒక అక్షరం పొరపాటున ఎక్కువ పడింది. దాన్ని తీసేస్తే తర్వాతి నంబర్లన్నీ జరిగిపోతాయని 3107 దగ్గర ‘ఎన్’ పెట్టి వదిలేశారు. అందుకే ప్రతి మనిషికీ 3107లో తేడా చూపిస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. అసలు ప్రమాదం యూసీఎస్‌సీ (కాలిఫోర్నియా యూనివర్సిటీ, శాంటా క్రూజ్) పంచిన హెచ్‌జీ19 అనే మానవ జీనోమ్ ఫైలుతో ఉంది. అందులోని మైటోకాండ్రియా సీక్వెన్సు వేరే, ఒక యోరుబా వ్యక్తిది, పొడవు 16,571. దాంతో తీసిన ఫైల్లో నంబర్లు ఒకటి రెండు స్థానాలు జరిగి ఉంటాయి. మనం వెతికే బీ4 కొమ్మ (తల్లి వరసల్లో ఒక గుంపు, అంటే హాప్లోగ్రూప్) గుర్తయిన 16217 కోసం చూస్తే అక్కడ ఏమీ ఉండదు, ఆ మనిషిని బీ4 కాదని పక్కన పెట్టేస్తాం. ఫైలు హెడర్‌లో పొడవు చూడటానికి పది సెకన్లు పట్టదు.

తర్వాత సీక్వెన్సుల వడపోత. రిఫరెన్స్ మనిషికి కొన్ని అరుదైన అక్షరాలున్నాయి. 263, 750, 1438, 4769, 8860, 15326 స్థానాల్లో అతనికి ‘ఎ’ ఉంటే, బీ కొమ్మ (బీ4 దాని రెమ్మ) వాళ్లందరికీ ‘జీ’ ఉండాలి. అలాగే 73, 2706, 7028, 11719, 14766 కూడా తేడాగా రావాలి. వీటిలో ఏదైనా రాకపోతే చదవలేకపోయిన ముక్కను ఎవరో రిఫరెన్స్‌తో పూడ్చారని నా మొదటి అనుమానం. అలాంటి సీక్వెన్సులో పక్కనున్న కొత్త మ్యుటేషన్లు కూడా మాయమై ఉంటాయి. దాన్ని ఉంచుకుంటే కొమ్మ వయసు తక్కువగా వస్తుంది. హాప్లోగ్రూప్ తేల్చే హాప్లోగ్రెప్ ప్రోగ్రామ్‌లో వేసి, ‘ఉండాల్సినవి, కానీ లేవు’ అని చూపే వరుసనే ముందు చదువుతాను. హాప్లోగ్రూప్ పేరు ఆ తర్వాత.

అలైన్‌మెంట్‌కి, అంటే సీక్వెన్సుల్లో ఒకే స్థానాలను ఎదురెదురుగా సర్దడానికి, మాఫ్ట్ అనే ప్రోగ్రామ్ వాడతాను. రిఫరెన్స్ పొడవు మారకుండా కొత్త సీక్వెన్సులు కలిపే ‘కీప్‌లెంగ్త్’ ఆప్షన్ పెడితే నంబర్లు చెక్కుచెదరవు. 309, 315 దగ్గర అదనంగా చేరే ‘సీ’ అక్షరాలు రాలిపోతాయి, రాలిపోవడమే మనకు కావలసింది. చిక్కంతా తొమ్మిది అక్షరాల లోపంతో. మామూలుగా సీసీసీసీసీటీసీటీఎ అనే ముక్క 8272 నుంచి 8289 వరకు పక్కపక్కనే రెండుసార్లు ఉంటుంది. బీ కొమ్మలో అందులో ఒకటి పోయింది. ఏది పోయిందో అక్షరాలను బట్టి చెప్పలేం. సాఫ్ట్‌వేర్ ఒకరికి మొదటిది, ఇంకొకరికి రెండోది పోయినట్టు గీతలు పెడుతుంది, ఒక్కోసారి సగం సగం విడదీస్తుంది. 8281–8289 పోయినట్టు రాయడం వాడుక. అందరికీ చేత్తో అలా సరిచేసి, మొత్తాన్ని ఒకే సంఘటనగా లెక్కపెట్టాలి. వదిలేస్తే ప్రోగ్రామ్ తొమ్మిది మార్పులుగా లెక్కేసి చెట్టును చీల్చేస్తుంది.

ఈ లోపాన్ని ల్యాబ్‌లో చూడటం మాత్రం తేలిక. మామూలుగా వాడే ప్రైమర్లతో (ఆ చోటును పట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) పీసీఆర్ చేసి ఆ భాగానికి కాపీలు తీస్తే లోపం లేనివాళ్లకు 121, ఉన్నవాళ్లకు 112 అక్షరాల ముక్క వస్తుంది. అందుకే ఒకప్పుడు ఇది ఒక్కటీ చూసి ‘ఆసియా వరస’ అనేసేవాళ్లు. అది ఎంత తప్పో మన దగ్గరే తేలింది. 1999లో దక్షిణ భారత కులాలు, తెగల్లో ఈ లోపం కోసం వెతికితే యానాదులు, ఇరులలు, సిద్దీలు, మరియా గోండుల్లోనూ, నికోబార్ వాళ్లలోనూ కనిపించింది. కంట్రోల్ రీజియన్ (జన్యువులు లేని, త్వరగా మారే భాగం) చదివాక తెలిసిందేమిటంటే, కొన్ని తెగల్లో అది విడిగా పుట్టింది, మిగతాచోట్ల ఆసియా నుంచో ఆఫ్రికా నుంచో వచ్చి ఉండాలి. అదే ముక్క పొడవులో ఇంకో రకం తేడాలు తూర్పు తీరంలో సంతాల్, కొండదొర, జాలరి వర్గాల్లో దొరికాయి. జాలరులంటే సముద్రం మీద బతికేవాళ్లు, డీఎన్‌ఏలో చూస్తే అదే చోట తేడా. ఈ రెండూ కలిపి పాలినేషియా దాకా కథ అల్లేయాలనిపిస్తుంది, కానీ ఆ డేటాలో అంత లేదు. నికోబార్ వాళ్ల భాషలు కూడా ఆస్ట్రోఏషియాటిక్, ఆస్ట్రోనేషియన్ కావు. పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది కలిపేస్తారు.

పాత పేపర్లలో పూర్తి సీక్వెన్సు ఉండదు, 16024 తర్వాతి కంట్రోల్ రీజియన్ ముక్క ఒక్కటే ఉంటుంది. దాన్ని జాగ్రత్తగా చూడాలి. బీ వరసలో 16189 దగ్గర టీ పోయి సీ వస్తుంది. దాంతో 16184 నుంచి 16193 వరకు అడ్డు లేకుండా సీలే వరుసగా ఉంటాయి. అక్కడ డీఎన్‌ఏ కాపీ అయ్యేటప్పుడు జారి, ఒకే మనిషిలో పది సీలవీ పదకొండు సీలవీ కలిసి ఉంటాయి. సాంగర్ అనే సీక్వెన్సింగ్ పద్ధతిలో ముందు వైపు నుంచి చదివితే ఆ సీల దాకా గ్రాఫ్‌లో అక్షరాల శిఖరాలు శుభ్రంగా ఉంటాయి, దాటగానే ఒకదాని మీద ఒకటి పడి పోల్చుకోలేనట్టు అవుతాయి. మనకు కావలసిన 16217, 16247, 16261 మూడూ సరిగ్గా ఆ దాటిన చోటే ఉన్నాయి! రివర్స్ ప్రైమర్‌తో వెనక నుంచి చదివిన డేటా లేకపోతే ఆ మూడింటినీ నమ్మను. 16182, 16183లలో ఎ బదులు సీ కనిపించడం ఈ జారుడుకు తోడుగా వచ్చేదే, దాన్ని కొమ్మ గుర్తుగా తీసుకోను.

ఇక మెట్లు. తొమ్మిది అక్షరాల లోపం, 16189 కలిస్తే బీ మొదలు. 16217 చేరితే బీ4. 5465, 9123, 16261 చేరితే బీ4ఎ. 10238తో బీ4ఎ1. 6719, 12239, 15746తో బీ4ఎ1ఎ. 14022తో బీ4ఎ1ఎ1. ఆ మీద 16247 కూడా ఉంటే ‘పాలినేషియన్ మోటిఫ్’ అని పిలిచే పూర్తి రూపం. తైవాన్ ఆదివాసుల్లో తొమ్మిది తెగలకు చెందిన 640 మందిని చూసిన 2005 నాటి అధ్యయనంలో బీ4ఎ1ఎ దొరికింది, 14022 దొరకలేదు. అంటే బీ4ఎ1ఎ మెట్టు దాకా తైవాన్‌కీ పాలినేషియాకీ ఒకే తల్లి వరస. చివరి మెట్టు దారిలో ఎక్కడో పడింది.

16247 మాత్రం నమ్మకస్తురాలు కాదు. మారిన ‘జీ’ మళ్లీ ‘ఎ’గా వెనక్కి మారడం ఈ కొమ్మలో చాలాసార్లు జరిగిందని 2013లో చూపించారు. ఒకరిలో 16247 లేదంటే వాళ్ల వరస మోటిఫ్‌కి ముందుదని అర్థం కాదు. 14022 ఉందా అని అడగాలి. ఈ కొమ్మలకు పేర్లు పెట్టే ఫైలోట్రీలో ఒక బిల్డ్‌కీ (విడుదలకీ) ఇంకో బిల్డ్‌కీ పేర్లు కూడా మారుతుంటాయి కాబట్టి నా పట్టికలో పేరు పక్కనే మ్యుటేషన్లు, బిల్డ్ నంబరు రాసుకుంటాను. చివరిది 17, 2016లో వచ్చింది.

వయసు లెక్కకు నేను వాడేది ‘రో’. కొమ్మ మొదలు నుంచి ఒక్కో సీక్వెన్సుకు ఎన్ని మ్యుటేషన్లు చేరాయో లెక్కపెట్టి సగటు తీయాలి. 40 సీక్వెన్సుల్లో కలిపి 80 ఉంటే రో 2. 16519, 16182, 16183, సీల వరుసలు, 515–522 దగ్గరి ఏసీ జంటలు తీసేయాలి. ఈ కొమ్మలో 16247 కూడా తీసేస్తాను, లేకపోతే వెనక్కి మారిన ప్రతిసారీ వయసు పెరుగుతుంది. 2009లో వచ్చిన రేటు ప్రకారం పూర్తి సీక్వెన్సుకు 3,624 ఏళ్లకు ఒక మ్యుటేషన్. నేరుగా గుణిస్తే మాత్రం ఎక్కువొస్తుంది. హాని చేసే మ్యుటేషన్లు కొత్త కొమ్మల్లో ఇంకా ఏరివేతకు గురికాకుండా మిగిలి ఉంటాయి కాబట్టి దగ్గరి కాలంలో గడియారం వేగంగా నడిచినట్టు కనిపిస్తుంది. ఆ దిద్దుబాటుతో రో 1 అంటే 2,585 ఏళ్లు, రో 2 అంటే సుమారు 5,200 ఏళ్లు. దిద్దకపోతే రెండోది 7,248. ఈ రెండు వేల ఏళ్ల తేడాలో ఒక సిద్ధాంతం నిలబడొచ్చు, పడిపోనూవచ్చు. ఒకే ఊరి నుంచి, దగ్గరి చుట్టాల నుంచి తీసిన సీక్వెన్సులు ఎక్కువైతే సగటు అటో ఇటో లాగుతుంది. ఊరికి ఒక్కో రకం ఒకటే ఉంచితే మేలు.

సరే, వయసు వచ్చింది. అది కొమ్మ పుట్టిన వయసు. న్యూజిలాండ్‌కు మనుషులు చేరింది 13వ శతాబ్దంలో. మావోరీల తల్లి వరసలన్నీ కలిసే మూలం మాత్రం వేల ఏళ్ల వెనక ఉంటుంది, ఎందుకంటే పడవెక్కిన ఆడవాళ్లు అప్పటికే వేర్వేరు రెమ్మలకు చెందినవాళ్లు. 2011లో ఈ కొమ్మ 6,000 ఏళ్లకు పైబడినదని, న్యూగినీ దగ్గరి దీవుల్లో పుట్టిందని లెక్క వచ్చినప్పుడు తైవాన్ సిద్ధాంతం కూలిందని కొందరు రాశారు. న్యూగినీ పక్కనున్న బిస్మార్క్ దీవుల్లో, ఈ పడవవాళ్ల గుర్తుగా చూసే లాపిటా కుండలు మొదలైంది సుమారు 3,300 ఏళ్ల కిందటే కదా అని వాళ్ల వాదన. తర్వాత 2016లో వనువాటులోని తియోమా నుంచి ముగ్గురు, టోంగాలోని తలాసియు నుంచి ఒకరు, వాళ్ల ఎముకల నుంచి పాత డీఎన్‌ఏ తీశారు. నలుగురిదీ ఇదే తల్లి వరస. పూర్తి జీనోమ్‌లో పాపువన్ (న్యూగినీ వైపు పాత జనాల) భాగం మాత్రం లేనట్టే. ఈ రోజు అక్కడున్నవాళ్లలో అది గణనీయంగా ఉంది, అంటే తర్వాత వచ్చి కలిసింది. కొమ్మ పాతదైతే ప్రయాణం కూడా పాతదే అయి తీరాలన్న వాదనకు నా దృష్టిలో ఆధారం లేదు.

తైవాన్ లంకె చూపాలంటే ఎం7సీ1సీ3 అనే ఇంకో హాప్లోగ్రూప్ మెరుగైన సాక్షి. తైవాన్ నుంచి ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, మైక్రోనేషియా, మడగాస్కర్ దాకా అది దొరుకుతుంది. ‘ఈ’ (ఇంగ్లీషు E) అనే హాప్లోగ్రూప్ గురించి మాత్రం గొడవ తీరలేదు. ఆగ్నేయాసియా దీవుల్లోనే పుట్టి ఉత్తరానికి పోయిందని ఒక వాదన. ఫుజియన్ తీరం దగ్గరి మాత్సు దీవుల్లో సుమారు 8,000 ఏళ్ల నాటి లియాంగ్‌దావో మనిషి ఎముకల్లో దాని రెమ్మ ‘ఈ1’ దొరికింది, అది ఉత్తరం నుంచే దక్షిణానికి వచ్చిందన్న ఎదురు వాదనకు బలం.

మడగాస్కర్‌ది విడి లెక్క. అక్కడి మోటిఫ్‌లో అదనంగా 1473, 3423 మార్పులుంటాయి. వీటిని చూసి మలగాసీ రెమ్మను వెంటనే విడదీయొచ్చు. 2012లో చేసిన కంప్యూటర్ నమూనా ప్రకారం సుమారు 1,200 ఏళ్ల కిందట దాదాపు 30 మంది ఆడవాళ్లతో ఆ జనాభా మొదలైంది. భాష మాత్రం బోర్నియో ఆగ్నేయంలోని బరితో నది వైపు చూపిస్తుంది.

ఇదంతా తల్లి వైపే. పాలినేషియన్లలో 94 శాతం మైటోకాండ్రియా ఆసియాది, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోముల్లో 66 శాతం మెలనేషియాది అని 2006లో లెక్క వచ్చింది. ఒక్క వైపు చూసి జనం మొత్తం గురించి చెప్పలేం. తూర్పు పాలినేషియాకు వచ్చేసరికి మైటోకాండ్రియా కూడా చేతులెత్తేస్తుంది. హవాయి, తాహితి, రాపా నుయ్ (ఈస్టర్ దీవి), ఎక్కడ చూసినా దాదాపు అందరూ ఒకే కొమ్మ, దీవికీ దీవికీ తేడా పట్టే మ్యుటేషన్లు బహు తక్కువ. అక్కడ నేను పసిఫిక్ ఎలుకకు మారతాను. అది సముద్రం ఈదలేదు, మనుషుల పడవల్లోనే దీవులు దాటింది, దాని మైటోకాండ్రియా కూడా తల్లి నుంచే వస్తుంది. రిఫరెన్స్ ఎలుకది పెట్టుకోవాలి, అలైన్‌మెంట్, వడపోత పద్ధతులు ఇవే. నారబట్టకు వాడే పేపర్ మల్బరీ చెట్టును పడవల్లో పిలకలుగా తీసుకుపోయేవాళ్లు. దాని క్లోరోప్లాస్ట్ డీఎన్‌ఏ వరసను 2015లో దక్షిణ తైవాన్ దాకా పట్టుకున్నారు.