అనంతగిరిలో ఎంటీబీ (మౌంటెన్ బైక్) తొక్కితే ఆ మజానే వేరు

హైదరాబాద్‌లో సైక్లింగ్ అనంగనే అందరూ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) పక్కన పైన సోలార్ ప్యానెళ్ల కప్పున్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ గురించే చెప్తరు, అది మంచిదే, కానీ మౌంటెన్ బైక్ ఉన్నోళ్లు వికారాబాద్ దగ్గర అనంతగిరికి పోవాల్సిందే. సిటీ నుంచి దాదాపు 80 కిలోమీటర్లు. ఇవి పెద్ద పెద్ద గుట్టలు కావు, మెల్లగా ఎక్కుడు మెల్లగా దిగుడు, కాసేపు అడవి, కాసేపు గడ్డి తప్ప ఏం లేని బయలు, కింద అంతా ఎర్రమట్టి, మధ్యమధ్యల చిన్న చిన్న ఎర్రరాళ్లు టైర్ కింద జారుతుంటయ్. అందుకే గాలి ఫుల్లుగా కొట్టుకోవద్దు, కొంచెం తగ్గిస్తే గ్రిప్ దొరుకుతది, మలుపుల్ల ముందు చక్రం బ్రేక్ గట్టిగ పట్టకండి.

వానల్లో ఈ మట్టి చైన్‌కి, బ్రేకులకి పట్టుకుని అస్సలు వదలదు, నాకైతే వానలు తగ్గినంక అక్టోబర్, నవంబరే ఇష్టం, గడ్డి ఇంకా పచ్చగనే ఉంటది, దారి ఆరి ఉంటది. ఫిబ్రవరి చివర్ల పోతే ఆకుల్లేని కొమ్మలకి మోదుగుపూలు, అదో అందం.

ఇంకోటి, మన మూసీ పుట్టేది ఈ గుట్టల్లనే. 1908 వరదల తర్వాత కట్టి 1920ల పూర్తిచేసిన గండిపేట చెరువుకి నీళ్లు ఈ నది నుంచే వస్తయ్. తొక్కుతుంటే ఇది గుర్తొచ్చి భలే అనిపిస్తది నాకు. రిజర్వ్ ఫారెస్ట్ కాబట్టి లోపలి దారుల్లకి పోయేముందు ఫారెస్టోళ్లని అడిగే పొండి, నీళ్లు, స్పేర్ ట్యూబ్ మర్చిపోకండి.