పద్నాలుగో సీసా

పదకొండు దాటింది. అమ్మ పడుకుంది, చిన్నోడి గదిలో లైటు ఇంకా వెలుగుతోంది. పొద్దున చూసిన నీటి పరీక్షల పట్టికలో ఒక్క వరస తలలోంచి పోవట్లేదు. రాసేస్తే గాని నిద్ర పట్టేలా లేదు.

ఓసీ (ఓపెన్ కాస్ట్ బొగ్గు గని) పక్క ఊరి బోరు, సీసా నంబరు 14. ఆక్సిజన్-18 (బరువైన ఆక్సిజన్) విలువ మైనస్ 2.0 పర్ మిల్ (వెయ్యికి ఇంత తేడా అని), డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) మైనస్ 11. చుట్టుపక్కల బోర్లన్నీ మైనస్ 3.5, మైనస్ 18 దగ్గర గుంపుగా ఉంటే ఇదొక్కటే పక్కకి జరిగింది. 1961లో భూరసాయన శాస్త్రవేత్త హార్మన్ క్రెయిగ్ గీసిన వాన నీటి గీత ప్రకారం డ్యుటీరియం అంటే ఆక్సిజన్-18కి ఎనిమిది రెట్లు, పైన పది. ఆ పది మిగతా బోర్లలో పదిగానే ఉంది. ఇందులో ఐదుకి పడిపోయింది. అంటే ఈ నీరు ఎక్కడో ఆవిరైంది, తేలిక నీరు ముందు పోయి బరువైంది మిగిలింది. రిపోర్టు రాసినవాళ్లు అక్కడే తేల్చేశారు: ఓసీ అడుగున సంప్‌లో (గుంటలో) నిలిచిన నీరే బోరులోకి వస్తోందని ఐసోటోపులు (ఈ బరువైన రకాలు) రుజువు చేశాయట.

సరే, ఆవిరైంది. ఎక్కడ ఆవిరైంది? సంప్‌లో ఆవిరవుతుంది, ఊరి చెరువులో ఆవిరవుతుంది, మూత వదులైతే సీసాలోనూ ఆవిరవుతుంది. మూడూ గ్రాఫు మీద ఒకే వైపు, నాలుగైదు వాలుతో జరుగుతాయి. సీసాలో పదోవంతు నీరు పోయినా చాలు, ఆక్సిజన్-18 ఒక పర్ మిల్‌కి పైగానే పెరుగుతుంది. 14వ సీసా ల్యాబుకి చేరినప్పుడు మెడ దాకా ఉందా, భుజం దాకానే ఉందా? రిమార్కుల గడి ఖాళీ. పంపేముందు తూకం లేదు, ల్యాబుకి చేరాక తూకం లేదు. అందరూ కష్టపడ్డారు, బండి తిరిగింది, డీజిలు కాలింది. ఒక్క అంకె రాయనందుకు ఇప్పుడు ఆ వరస మొత్తం గాల్లో వేలాడుతోంది. ఐసోటోపు సీసాకి ఆసిడ్ అక్కర్లేదు, ఫ్రీజర్ అక్కర్లేదు. చిన్న హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ సీసాని బకెట్ నీళ్లలో ముంచి, బుడగ లేకుండా నింపి, నీళ్లలోనే మూత బిగించి, పైన పారాఫిల్మ్ (సాగే మైనపు పొర) చుడితే చాలు. దానికి రెండు నిమిషాలు పడుతుంది.

బోరు నీళ్లంటే నాకెప్పుడూ గుర్తొచ్చేది ఒక గాజు గ్లాసు. బొగ్గు పొరల పక్క బోరది. పంపు ఆన్ చేసి, బోరులో నిలవున్న నీటికి మూడింతలు బయటికి తోడి, ఈసీ (విద్యుత్ వాహకత), పీహెచ్, ఉష్ణోగ్రత మూడూ నిలకడగా వచ్చాక పట్టిన గ్లాసు. అద్దంలా తేటగా ఉంది. పావుగంటకి పసుపు చాయ వచ్చింది, అరగంటకి అడుగున ఇటుకపొడి లాంటి మడ్డి పేరుకుంది. గాలి లేనిచోట కరిగి ఉన్న ఇనుము గాలి తగలగానే తుప్పుగా మారింది. మారుతూ ఆసిడ్ వదిలింది, ఆ ఆసిడ్ బైకార్బనేట్‌ని తినేసింది. అందుకే బైకార్బనేట్ పరీక్ష బోరు దగ్గరే చెయ్యాలి: 50 మి.లీ. నీరు, 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆసిడ్, రంగు మారేదాకా చుక్క చుక్క. పట్టిన ప్రతి మి.లీ. ఆసిడ్‌కీ లీటరు నీటికి 20 మి.గ్రా. కాల్షియం కార్బనేట్ లెక్క. ల్యాబుకి తెచ్చి చేస్తే తక్కువొస్తుంది. కాల్షియం కోసం ఆసిడ్ కలిపిన వేరే సీసాలో కాల్షియం మొత్తం అలాగే ఉంటుంది, ఆసిడ్ కలపని ఈ సీసాలో బైకార్బనేట్ తరిగిపోతుంది. కాటయాన్లు (ధనావేశ అయాన్లు) ఎక్కువై, వాటికీ ఋణావేశ అయాన్లకీ మధ్య 5 శాతం లోపు ఉండాల్సిన తేడా ఎనిమిదో తొమ్మిదో చూపిస్తుంది. అప్పుడు లెక్క తప్పిందని మెషీన్ని అనుమానిస్తారు. ఆ గ్లాసు ముందు అరగంట నిలబడితే అనుమానం ఎక్కడ పడాలో తెలుస్తుంది.

మళ్లీ 14కి వస్తాను. క్లోరైడ్‌తో తేల్చేయొచ్చని కాగితం తీసుకున్నాను. క్లోరైడ్ వేరే సీసాలో కొలిచారు. నీరు సీసాలోకి రాకముందే ఆవిరై ఉంటే క్లోరైడ్ కూడా పెరిగి ఉండాలి, సీసాలోనే ఆవిరైతే పెరగదు. పక్క బోర్లలో లీటరుకి 40 మి.గ్రా., ఇందులో 44. పదోవంతు ఆవిరికి సరిగ్గా అంతే పెరగాలి! కానీ ఒకే ఊళ్లో రెండు బోర్ల మధ్య నాలుగు మిల్లీగ్రాముల తేడా మామూలే. క్లోరైడ్‌తో తేలలేదు.

అప్పుడు సల్ఫేట్ చూశాను. పక్క బోర్లలో 40, ఇందులో 210. ఆవిరి వల్లయితే 44 దాటదు. పదకొండు గంటలకి మూత మీద కోపంతో మొదలుపెట్టాను గానీ, ఇక్కడికొచ్చాక నా మాట నేనే మార్చుకోవాలి. ఆ సీసాని పారేస్తే బోరుకి అన్యాయం జరుగుతుంది. గని నీడ దాని మీద ఉంది. ఆ మాట చెబుతున్నది ఐసోటోపు కాదు, సల్ఫేట్.

"పీహెచ్ 7.2 ఉంది, గని ప్రభావం లేదు" అనేవాళ్లూ ఉన్నారు. గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ. పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) గాలి తగిలి ఆసిడ్ చేస్తే, ఇసుకరాయిలోని కాల్సైట్ (సున్నపు ఖనిజం) దాన్ని అక్కడికక్కడే చల్లారుస్తుంది. నీరు పుల్లబడదు, బరువెక్కుతుంది: కాల్షియం, మెగ్నీషియం, సల్ఫేట్. ఆ ఊళ్లో ఆడవాళ్లు మీటర్ లేకుండానే చెప్పారు, కందిపప్పు రెండు విజిల్స్ ఎక్కువ పెట్టినా పలుకు పలుకుగానే ఉంటోందని, గిన్నె అడుగున తెల్ల పెచ్చు కడుతోందని. తాగే నీటికి సల్ఫేట్ 200 లోపుండాలి, వేరే దారి లేకపోతే 400 దాకా ఒప్పుకుంటారు. 210 అంటే గీత దాటినట్టే.

అయినా సంప్ నీరనే మాట నేను రాయను. ఓబీ గుట్ట (బొగ్గు పైనుంచి తవ్వి పోసిన మట్టి, రాళ్ల గుట్ట) మీద పడ్డ వాన, ఆవిరి కాకుండానే, గుట్టలోని పైరైట్‌ని కడిగి నేలలోకి దిగినా సల్ఫేట్ ఇంతే వస్తుంది. చెయ్యాల్సిన పని మాత్రం మారిపోతుంది. గుట్ట అయితే చుట్టూ గార్లండ్ డ్రెయిన్ తవ్వాలి. సంప్ అయితే నీటి మట్టాన్ని చూడాలి, అక్కడి నీరు బోరు కంటే ఎత్తులో ఉంటేనే ఇటు వస్తుంది. పంపులు తోడుతున్న గని అడుగు సాధారణంగా చుట్టూ బోర్ల కంటే లోతు, నీరు దాని వైపే జారుతుంది. ఈ ఒక్క కొలత ముందే తీసుంటే రిపోర్టులో ఆ వాక్యం ఉండేది కాదు.

ఎరువు సల్ఫేటా, పైరైట్ సల్ఫేటా అన్నది గంధకం ఐసోటోపు చెప్పొచ్చు. దానికి లీటరు నీరు, ఆసిడ్ వేసి కార్బనేట్ పోగొట్టాక బేరియం క్లోరైడ్, తెల్లగా దిగిన బేరియం సల్ఫేట్‌ని వడపోసి ఆరబెట్టడం. ఆసిడ్ మరిస్తే బేరియం కార్బనేట్ కూడా దిగి తూకం పాడవుతుంది.

ఎల్లుండి మళ్లీ నీళ్లు పడుతున్నాం: ఆ బోరు, చెరువు, సంప్, గుట్ట కింది ఊట. ఒక్కోచోట ఐసోటోపు సీసాలు రెండేసి. వంటింటి తూకం మీద ఖాళీ సీసాలన్నీ తూచి, బరువు మార్కర్‌తో సీసాల మీదే రాసిపెట్టాను. తూకం మళ్లీ అమ్మ పిండి డబ్బా పక్కన పెట్టెయ్యాలి.