పనస గిటారు, ఏడో వారం: బద్దలు చెక్కడం

నేను చేస్తున్న గిటారు పనిలో ఈ వారమంతా పై చెక్కతోనే గడిచింది. గిటారులో ముఖ్యంగా మోగేది అదే. 1862లో స్పెయిన్‌లో ఆంటోనియో డి టోర్రెస్ అనే గిటార్ల తయారీదారు వెనక భాగాన్నీ పక్కల్నీ కాగితపు అట్టతో చేసి, మంచి పై చెక్క బిగించి ఈ సంగతి చూపించాడు. నా గిటారుకి వెనకా పక్కలా పనస వాడే ధైర్యం అక్కడే వచ్చింది. పైగా బొబ్బిలి వీణని ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. మన చెవికి ఆ కలప కొత్తేం కాదు.

పై చెక్క సిట్కా స్ప్రూస్ అనే తేలికపాటి కలప. చిత్రిక పట్టి మధ్యలో 2.8 మిల్లీమీటర్లకు, అంచుల్లో 2.5కి తెచ్చాను. లోపలివైపు దానికి దన్నుగా ఎక్స్ ఆకారంలో అంటించే రెండు పెద్ద బద్దలు. ఆరు స్టీల్ తీగలూ శ్రుతి చేస్తే లాగుడు దాదాపు 70 కిలోలు. బద్దలు బలహీనమైతే బ్రిడ్జి (పై చెక్క మీద తీగలు బిగించే పట్టీ) వెనక చెక్క ఉబ్బుతుంది. మరీ లావైతే చెక్క కదలదు, శబ్దం లోపలే ఉండిపోతుంది.

ఈ బద్దల్ని మొదటిసారి ఆగస్టులో అంటించాను. విశాఖలో అప్పుడు నా గదిలో తేమ 80 శాతం. చెమ్మ పీల్చి ఉబ్బిన చెక్క, ఏసీ గదిలోకి మార్చగానే అడ్డంగా కుంచించుకుంది. బద్దలు పొడవునా అంతగా తగ్గవు కదా, దాంతో చెక్క మధ్యలో గుంట పడింది. చాలా బాధేసింది. వేడి చేసిన పల్చటి చాకుతో బద్దలు ఊడదీసి, గాలిలో తేమ లాగేసే డీహ్యుమిడిఫయర్ పెట్టి, తేమ 45-50 మధ్య మూడు రోజులు నిలిచాక మళ్ళీ అంటించాను. కోస్తాలో ఎవరైనా ఈ పని మొదలుపెడితే ఉలి కన్నా ముందు తేమ మీటరు కొనుక్కోండి.

ఎక్స్ బద్దలు 8 మి.మీ. వెడల్పు, 15 ఎత్తుతో మొదలుపెట్టాను. పై చెక్కను రెండు వేళ్ళతో వేలాడదీసి, బ్రిడ్జి వచ్చే చోట వేలి కణుపుతో తట్టాలి. కుండ కొనేటప్పుడు తట్టి చూస్తామే, అలాగే. మొదట టక్కుమని ఆగిపోయింది. ఉలితో నాలుగు రేకులు తీయడం, తట్టడం, వినడం. మూడు సాయంత్రాలు ఇదే పని. నిన్న రాత్రి ఎత్తు 13కి వచ్చాక, కింది కుడి బద్ద చివర ఇంకొక్క రేకు తీసి తట్టాను. దుమ్మ్... అని సాగింది! పట్టుకున్న వేళ్ళకి కూడా ఆ వణుకు తెలిసింది. అక్కడితో ఉలి పక్కన పెట్టేశాను. ఇంకా తీస్తే ఇంకా మోగుతుందేమో కానీ, రెండేళ్ళకే పై చెక్క వంగిపోయే గిటారు నాకొద్దు.

పక్కలు 2 మి.మీ.; వేడి గొట్టం మీద వంచి అచ్చులో బిగించాను. సౌండ్ హోల్ 98 మి.మీ.కే కోశాను. పెట్టె మూసేశాక లోపలి గాలి మోత 98, 104 హెర్ట్జ్‌ల మధ్య, అంటే పాశ్చాత్య స్వరాలైన జి, జి షార్ప్‌ల నడుమ పడాలి. సరిగ్గా ఒక స్వరం మీద పడితే ఆ స్వరం ఒక్కటే గట్టిగా మోగి చప్పున ఆరిపోతుంది. మోత తక్కువగా వస్తే రంధ్రం అంచు గీకి కాస్త పెంచుకోవచ్చు. ఆదివారం వెనక చెక్క అంటిస్తాను.