ముందు నా టెస్టు రాయాల్సింది

పెళ్ళయి కొన్నేళ్ళు గడిచినా పిల్లలు లేకపోయేసరికి అందరి చూపూ మా ఆవిడ మీదే పడింది. ఇక్కడ రాయగడలో ఒక ఆసుపత్రిలో ఆమెకి స్కానింగు, థైరాయిడ్, ట్యూబుల ఎక్స్‌రే అన్నీ తీశారు. ఎక్స్‌రే నాడు నొప్పికి బల్ల అంచు పట్టుకుని పళ్ళు బిగబట్టింది. అన్నీ బాగానే ఉన్నాయన్నారు, మందులు మాత్రం మళ్ళీ ఆమెకే రాశారు. అమ్మ మజ్జిగౌరమ్మకి మొక్కుకుంది. నా వీర్య పరీక్ష ఊసు ఎవరూ ఎత్తలేదు. ఇది నాకు ఇప్పటికీ మండుతుంది. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందికి మగవాళ్ళ వైపు కూడా కారణం ఉంటుంది. పైగా మగవాడి పరీక్షకి సూది కూడా అక్కర్లేదు.

చివరికి మా ఆవిడే పట్టుబట్టింది. "ఈసారి మీది కూడా చేయిద్దామండీ" అంది. రైలెక్కి విశాఖ వెళ్ళాం.

నా రిపోర్టులో మిల్లీలీటరుకి 60 లక్షల కణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన లెక్కలో కింది హద్దు 1 కోటి 60 లక్షలు. అంతకన్నా తక్కువుంటే ఇక పుట్టరని కాదని డాక్టరుగారు ముందే చెప్పారు. ఒక్క పరీక్షతో తేల్చకూడదని, కొన్నాళ్ళాగి ఇంకోటి చేయించారు. అదీ అంతే.

తర్వాత నన్ను నిలబెట్టి, ఊపిరి బిగబట్టి ముక్కమన్నారు. ఎడమ బీజం పైన తడిమి, "ఇదిగో బాబూ, నువ్వూ చూడు" అంటూ నా వేళ్ళు అక్కడ పెట్టించారు. చర్మం కింద వానపాముల ముద్దలా మెత్తగా తగిలింది. వేరికోసిల్. రక్తాన్ని పైకి తీసుకెళ్ళే సిరల్లో కవాటాలు సరిగా మూసుకోక, రక్తం వెనక్కి జారి నిలిచిపోతుందట. ఎడమవైపు సిర నేరుగా కిడ్నీ సిరలోకి కలుస్తుంది కాబట్టి ఎక్కువగా అటే వస్తుంది. బీజాలు ఒంటి వేడికన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలి. రక్తం నిలిస్తే ఆ చల్లదనం పోతుంది. నాది ఫర్నేసు దగ్గర షిఫ్టు అని చెప్తే, వీలైతే డ్యూటీ మార్పించుకోమన్నారు. మార్పించుకున్నాను.

అప్పటిదాకా మందుల షాపులో ఇచ్చిన జింకు, ఫోలిక్ యాసిడ్ మాత్రలు వాడుతున్నాను. వాటిని ఆపేయమన్నారు. అమెరికాలో 2,370 జంటల మీద చేసిన పరిశోధన 2020లో వచ్చింది. ఆ మాత్రలతో కణాలూ మెరుగుపడలేదు, పుట్టిన పిల్లల సంఖ్యా పెరగలేదు. అయినా షాపుల్లో ఖరీదైన డబ్బాలు అమ్ముతూనే ఉన్నారు.

వేరికోసిల్ ఉన్న ప్రతివాళ్ళకీ ఆపరేషన్ అక్కర్లేదు. నాది చేతికి తగిలేంత పెద్దది, రిపోర్టూ తక్కువ, మా ఆవిడకి ఏ లోపమూ లేదు, అందుకే చేశారు. గజ్జలో చిన్న గాటు పెట్టి, మైక్రోస్కోపు కింద చూస్తూ పాడైన సిరలు కట్టేశారు. కొన్నాళ్ళు నడిస్తే లాగేది. బరువులెత్తొద్దన్నారు కాబట్టి నీళ్ళ బిందెలు కూడా మా తమ్ముడే మోశాడు.

ఒక కణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. అందుకే మూడు నెలలాగి మళ్ళీ చూశారు: 2 కోట్లు దాటాయి, కదలికా పెరిగింది. ఇప్పుడు మా ఆవిడకి అయిదో నెల. మొన్న గుణుపూర్ నుంచి మా బావమరిది అదే సమస్యతో ఫోన్ చేశాడు. చెల్లెల్ని ఎక్కడికీ తిప్పకముందే నీ శాంపిల్ ఇవ్వమన్నాను. వీర్యం పోకుండా రెండు నుంచి ఏడు రోజులు ఆగి, ల్యాబులోనే ఇవ్వమని, ఇంటి దగ్గర తీస్తే గంటలోపు అందించమని చెప్పాను.