సింహం పక్కన ఎలుగుబంటి

మొన్న మే నెలలో మా ఊళ్ళో చర్చి తరఫున మూడు రోజులు ఉజ్జీవ సభలు జరిగాయి. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటికి దగ్గర్లో పల్లె. ఉద్యోగం వల్ల నేను టౌన్లో ఉంటున్నా సభలంటే మాత్రం సెలవు పెట్టి వెళ్ళిపోతాను, చిన్నప్పటి నుంచీ అంతే. జీడితోట పక్క ఖాళీ జాగాలో షామియానా వేశారు, ట్యూబులైట్లు కట్టారు, వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ పెట్టారు. దాని మీద కిరీటం పెట్టుకున్న సింహం నోరు తెరుచుకుని గర్జిస్తోంది, జూలంతా బంగారు రంగు, కింద బైబిల్లో సామెతల గ్రంథం 28:1 లోని మాట: "నీతిమంతులు సింహమువలె ధైర్యముగా నుందురు."

రెండో రోజు రాత్రి వర్తమానం, అంటే ప్రసంగం, చెప్పడానికి బయటి నుంచి ఒక దైవజనులు వచ్చారు. మంచి గొంతు, మైకు అక్కర్లేనంత గొంతు. "పక్కవాళ్ళ వైపు తిరిగి, నువ్వు సింహానివి అని చెప్పండి" అన్నారు. నేను మా పెద్దమ్మ వైపు తిరిగి చెప్పాను, ఆవిడ నవ్వింది. "ఇప్పుడు గర్జించండి" అన్నారు. కుర్రాళ్ళు ఈలలు వేసినంత హుషారుగా గర్జించారు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత ఆయన అన్నది మాత్రం నాకు ఇప్పటికీ గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. సింహానికి భయం ఉండదు, జబ్బు పేరు చెబితే వణికేవాడికి విశ్వాసం లేదు, అన్నారు. చుట్టూ ఆమెన్ ఆమెన్ అంటున్నారు. మా పెద్దమ్మ నవ్వు ఆగిపోయింది, పైటకొంగు లాగి ఎడమ చెయ్యి కప్పుకుంది.

ఆ చేతికి ఫిస్టులా ఉంది, డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి కుట్టినది. పెద్దమ్మకి అరవై దాటాయి, కిడ్నీలు పాడై నాలుగేళ్ళుగా డయాలసిస్ మీద ఉంది. మా ఉద్దానంలో ఈ కిడ్నీ జబ్బు వింతేం కాదు, వీధికి ఇద్దరో ముగ్గురో ఉంటారు. నీళ్ళలో సిలికా అంటారు, మందుల వాడకం అంటారు, ఎండలో పని అంటారు, ఇన్నేళ్ళు పరిశోధనలు జరిగినా ఇదీ కారణం అని ఎవరూ గట్టిగా తేల్చలేదు. పెద్దమ్మకి డయాలసిస్ వారానికి మూడుసార్లు, వెళ్ళినప్పుడల్లా నాలుగు గంటలు. ఆ రాత్రి సభ నుంచి టార్చి పట్టుకుని ఇంటికి నడుస్తుంటే దారిలో ఆవిడ అడిగింది. "ఏటి నాయనా, సూది గుచ్చినప్పుడల్లా నాకు భయమేస్తాది. నాలుగేళ్ళయినా భయమేస్తాది. మరైతే నాకు విశ్వాసం నేదనా?"

నేను ఆ క్షణంలో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఈ పోస్టు ఆ జవాబు కోసమే రాస్తున్నాను.

ముందు ఆ ఫ్లెక్సీ మీది వాక్యం దగ్గరికి వద్దాం. మరునాడు మా పాస్టరు గారి దగ్గర కూర్చుని అడిగాను. ఆయన సెమినరీలో హీబ్రూ చదువుకున్నవారు. అక్కడ "ధైర్యముగా" అని మనవాళ్ళు అనువదించిన మాటకి మూలంలో ఉన్నది "బాతఖ్" అనే క్రియ అట, అంటే నమ్మడం, ఆనుకోవడం, నమ్మి నిశ్చింతగా ఉండడం. అదే సామెతలు 3:5లో "నీ పూర్ణహృదయముతో యెహోవాయందు నమ్మకముంచుము" అన్నచోట ఉన్నదీ ఆ మాటేనట. వినగానే నాకు చిన్నప్పుడు విశాఖ జూకి తీసుకెళ్ళినప్పటి సంగతి గుర్తొచ్చింది. సింహం గర్జిస్తుందని ఎన్‌క్లోజర్ ముందు గంటసేపు నిలబడ్డాం, అది చెట్టు నీడన పక్కకి ఒరిగి పడుకుని ఒక్కసారి తోక ఆడించి మళ్ళీ కళ్ళు మూసుకుంది. పిల్లలందరం నిరాశపడిపోయాం. ఇప్పుడు చూస్తే సామెతల్లోని సింహం సరిగ్గా అదే! ఆ వాక్యం మొదటి సగం ఏమిటో తెలుసా, "ఎవడును తరుమకుండనే దుష్టుడు పారిపోవును." తరిమేవాడు లేకపోయినా పరుగెత్తేవాడు ఒకడు, ఉన్నచోటే నిమ్మళంగా ఉండేవాడు ఒకడు. ఆ వాక్యంలో గర్జన ఎక్కడుంది?

మరి గర్జన ఎక్కడుందంటే, 1 పేతురు 5:8లో ఉంది. "మీ విరోధియైన అపవాది గర్జించు సింహమువలె ఎవరిని మ్రింగుదునా అని వెదకుచు తిరుగుచున్నాడు." గర్జించేది వాడు, సాతాను. విశ్వాసికి ఆ వచనం మొదట్లో ఇచ్చిన మాట వేరు, "నిబ్బరమైన బుద్ధిగలవారై మెలకువగా ఉండుడి" అని. నిబ్బరం! ఎంత మంచి తెలుగు మాట అది, మా అమ్మ ఎవరైనా చావు ఇంట్లో కూలబడిపోతే భుజం పట్టుకుని అనే మాట, నిబ్బరించుకోవాలి తల్లీ అని. ఆ మాట అన్నప్పుడు ఏడుపు ఆపెయ్యమని కాదు కదా దాని అర్థం. తర్వాతి వచనంలో పేతురు ఇంకోటి కూడా చెప్తాడు, లోకంలో ఉన్న మీ సహోదరులు కూడా ఇలాంటి శ్రమలే పడుతున్నారని. అంటే నువ్వొక్కదానివే కాదు పెద్దమ్మా అని.

బైబిల్లో సింహాలు చాలా ఉన్నాయి. సోమరివాడు ఇంట్లోంచి కదలకుండా వీధిలో సింహముందని సాకు చెప్తాడు, అది వేరే కథ. ఆ దేశంలో అప్పట్లో నిజంగానే తిరిగేవి, యొర్దాను ఒడ్డు పొదల్లోంచి వచ్చి మందల మీద పడేవి. ఇప్పుడక్కడ ఒక్కటీ లేదు, అడవిలో తిరిగే ఆసియా సింహాలు ఇవాళ మన గుజరాత్‌లోనే మిగిలాయి, 2025 లెక్కల్లో 891. మన ప్రాంతంలో సింహం అంటే పేర్లలోనే ఉంది. మా తాతగారి పేరు సింహాచలం, బాప్తిస్మం తీసుకున్నాక కూడా ఊరంతా ఆ పేరుతోనే పిలిచారు, ఆయనకీ మార్చుకోవాలనిపించలేదు.

దానియేలు సంగతి చూడండి, రాజు శాసనం మీరి ప్రార్థన చేశాడని సింహాల గుహలో వేస్తే బతికి బయటపడ్డవాడు. సండే స్కూల్ బొమ్మల్లో సింహాల మధ్య నూనూగు మీసాల కుర్రాణ్ణి గీస్తారు. కానీ లెక్క వేస్తే, క్రీ.పూ. 605లో బబులోనుకి చెరగా వెళ్ళినప్పుడు కుర్రాడు, బబులోను పడిపోయింది క్రీ.పూ. 539లో, గుహలో వేసింది దాని తర్వాత. ఎనభై దాటిన ముసలాయన! ముప్ఫై రోజులపాటు రాజుకి తప్ప ఇంకెవరికీ మొక్కకూడదని శాసనం వచ్చిందని తెలిసి ఆయన ఏం చేశాడు? సవాలు చెయ్యలేదు, వీధిలోకొచ్చి కేకలు పెట్టలేదు. ఇంటికి వెళ్ళి, యెరూషలేము వైపు కిటికీలు తెరిచి ఉన్న పైగదిలో, "యథాప్రకారముగా" రోజుకి మూడుసార్లు మోకాళ్ళూనాడు. దానియేలు 6:10లో ఉన్న ఆ "యథాప్రకారముగా" అన్న ఒక్క మాట మీద నాకు ఎవరైనా మూడు రోజులు సభలు పెట్టి వాక్యం చెప్తే బాగుండనిపిస్తుంది. గుహలో ఆ రాత్రి దానియేలు గుండె ఎలా కొట్టుకుందో గ్రంథం చెప్పదు. నిద్రపట్టక, తిండి మాని, తెల్లారగానే పరుగెత్తుకొచ్చింది రాజు. దానియేలు ధైర్యమంతా గుహలో కాదు, అంతకు ముందు ఆ కిటికీ దగ్గరే అయిపోయింది.

ఇక దావీదు. గొర్రెల కాపరి. గొల్యాతు అనే యోధుడి ముందుకి వెళ్ళేముందు సౌలు రాజుతో చెప్పిన మాట అందరికీ తెలుసు, మందలోంచి గొర్రెపిల్లని ఎత్తుకుపోతున్న సింహాన్నీ ఎలుగుబంటినీ చంపానని. ప్రసంగాల్లో సింహం దగ్గర పది నిమిషాలు ఆగుతారు, ఎలుగుబంటిని ఒక్క ముక్కలో దాటేస్తారు. మా ఉద్దానంలో అలా దాటేస్తే ఎలా? మా సండే స్కూల్లో టీచరు "దావీదు సింహాన్నీ, ఇంకా దేన్ని చంపాడు?" అని అడిగితే చిన్న గుంటలు కూడా ఇంటి కప్పు ఎగిరిపోయేలా "ఎలుగుబంటీ" అని అరుస్తారు. సింహం వాళ్ళకి బొమ్మ. ఎలుగు వాళ్ళ తోటలోకి వస్తుంది. జీడిపళ్ళూ పనసపళ్ళూ పండే కాలంలో సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు తోటల్లో అవి తిరగని ఏడాది లేదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒకాయన ప్రాణమే పోయింది, ఇంకొందరు గాయపడ్డారు, చివరికి పట్టుబడ్డ ఆ ఎలుగు కూడా చచ్చిపోయింది. ఆ కాలంలో మా చర్చిలో తెల్లవారుజామున అయిదింటి ప్రార్థన ఆరింటికి మారుస్తారు. ఎవరూ దాన్ని అవిశ్వాసం అనరు.

మా మావయ్య ఒకసారి తెల్లారకుండానే జీడిపిక్కలు ఏరడానికి తోటలోకి వెళ్ళాడు, అత్తయ్య నాలుగడుగులు ముందు వంగి ఏరుతోంది. పొదలోంచి తల్లి ఎలుగు లేచింది, వీపు మీద పిల్ల. మావయ్య అత్తయ్యని వెనక్కి లాగి తను ముందుకెళ్ళాడు. అంతే, ఆయన చేసింది. కుడి ముంజేతి మీద ఇప్పటికీ మూడు గాట్లు, చర్మం మెరుస్తూ ముడతలు లేకుండా ఉంటాయి, వేసవిలో అక్కడ చెమట పట్టదు. తలకి కుట్లు పడ్డాయి. ఈ సంగతి ఆయన చర్చిలో ఎప్పుడూ సాక్ష్యంగా చెప్పలేదు, అడిగితే మాట మారుస్తాడు.

సభల మూడో రోజు పొద్దున్న మావయ్యా నేనూ అరుగు మీద కూర్చుని ఉంటే నేనే ఆ భాగం చదివి వినిపించాను, 1 సమూయేలు 17. "అది నా మీదికి రాగా దాని గడ్డము పట్టుకొని దానిని కొట్టి చంపితిని" అన్నచోట మావయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు అల్లుడూ. గడ్డం పట్టుకున్నాడనుందా?"

"అవును మావయ్యా."

"అంటే దాని ఊపిరి ఆ కుర్రోడి మొహమ్మీద కొట్టుంటాది. కుళ్ళిన పనసపండు కంపు, చీమలపుట్ట మట్టి కంపు. ఆ కంపు ఒకసారి తగిలితే మరి పోదు." కాసేపాగి అన్నాడు, "గొర్రిపిల్ల కోసం ఎల్లాడు కదా. భయం నేక ఎల్లుండడు. గొర్రిపిల్లుందని ఎల్లుంటాడు."

దావీదుకి భయమేసిందో లేదో ఆ అధ్యాయంలో రాసి లేదు. దావీదు చూసిన ఎలుగూ మా ఎలుగూ ఒకే జాతి కూడా కాదు. అయినా నేను విన్న ప్రసంగాలన్నిటిలోకీ దావీదు గురించి అంత దగ్గరగా మాట్లాడినవాళ్ళు ఇంకెవరూ లేరు. కాపరి లేచింది నోట చిక్కిన పిల్ల కోసం. తన ధైర్యం ఎంతో చూపించుకోడానికి లేవలేదు. సింహం కథల్లోంచి ఆ గొర్రెపిల్లని తీసేసి, ఒట్టి సింహాన్నీ ఒట్టి వీరుణ్ణీ మిగిల్చితే అది సువార్త కాదని నేను గట్టిగా నమ్ముతాను. బైబిల్లో చివరి పుస్తకం ప్రకటన, దాని 5వ అధ్యాయంలో పెద్దలలో ఒకడు యోహానుతో "ఏడువకుము" అని, ఇదిగో యూదా గోత్రపు సింహం అని చూపిస్తాడు. యోహాను తిరిగి చూస్తే అక్కడున్నది వధింపబడినట్టున్న గొర్రెపిల్ల. ఆ పుస్తకంలో యేసుని సింహం అన్నది ఆ ఒక్కసారే, గొర్రెపిల్ల అన్నది 28 సార్లు. మన ఫ్లెక్సీలు చూస్తే లెక్క తిరగబడింది.

దైవజనులెవరైనా ఇది చదువుతుంటే చేతులు జోడించి అడుగుతున్నాను. సింహం గురించి తప్పకుండా చెప్పండి, కుర్రాళ్ళకి ఆ ఉత్సాహం కావాలి. కానీ మీ ముందు కూర్చున్నవాళ్ళలో పైటకొంగు కింద ఫిస్టులా చేతులు ఉంటాయి. వాళ్ళకి వణుకు పుడితే విశ్వాసం లేదని మాత్రం చెప్పకండి. ఆ మాట మోసుకుని వాళ్ళు ఇంటికి వెళ్తారు, మీరు తర్వాతి ఊరికి వెళ్ళిపోతారు.

సభలు అయిపోయాక సోమవారం పెద్దమ్మని నేనే డయాలసిస్‌కి తీసుకెళ్ళడానికి ఉండిపోయాను. నాలుగున్నరకే లేచింది. కోళ్ళగంప తీసింది, వాకిట్లో నీళ్ళు చల్లింది, కిరసనాయిలు డబ్బా మీద పెట్టుకున్న పాత బైబిలు తీసి ఒక కీర్తన చదువుకుంది. ప్రార్థన చేసేటప్పుడు ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుంటుంది, అలవాటు. ఒకసారి నా అరచెయ్యి లాక్కుని దాని మీద పెట్టింది, రక్తం పారే చప్పుడు చర్మం కింద సన్నగా గుయ్యిమంటూ తగిలింది, తేనెతుట్టె మీద చెయ్యి పెట్టినట్టు. బైబిల్లో సమ్సోను చంపిన సింహం కళేబరంలో చేరిన తేనెటీగలు గుర్తొచ్చాయి కానీ ఆవిడతో అనలేదు.

దానియేలు 6:10 చదివి, "యథాప్రకారముగా" అంటే ఏమిటో చెప్పి, నువ్వడిగిన ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇదే పెద్దమ్మా అన్నాను. భయమేసినా వారానికి మూడుసార్లు ఆటో ఎక్కుతున్నావు కదా, ఆ ముసలాయన చేసింది కూడా అదే కదా అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. "అదేనా? అది రోజూ చేసేదే కదా నాయనా" అంది. ఇంతలో రోడ్డు మీద ఆటో హారన్ వినిపించింది.

"ఆ టిపినుడబ్బా ఇటియ్యి. ఆలస్యమైతే మన బెడ్డు ఇంకోళ్ళకి ఇచ్చేస్తారు."