కావలి ఇసుక నేలలో తెల్లపూల తోట: నా అనుభవం

ఒకే రంగు పూలతో ఇంటి ముందు తోట వేయాలనుకుంటే మన ప్రాంతానికి తెలుపే సరైనదని నా గట్టి నమ్మకం. ఇక్కడి ఎండకు పగలు ఎవరూ తోటలో కూర్చోరు, పొద్దుగూకాకే కుర్చీ బయటికి వస్తుంది. ఆ మసక వెలుతురులో ఎర్ర మందారం నల్లబడి ఆకుల్లో కలిసిపోతుంది. తెల్లపువ్వు అలాగే కనపడుతుంది. సాయంత్రం విచ్చుకుని వాసనిచ్చే పూలు కూడా చాలావరకు తెల్లనివే.

స్థలం 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. ఇసుక నేల, బోరులో ఉప్పునీళ్లు. నేను మొదట చేసిన తప్పు గోడ దగ్గర. సున్నం వేసిన ప్రహరీ ముందు లిల్లీ (నేలసంపెంగ) దుంపలు పెట్టాను. కంకులు బాగానే వచ్చాయి గానీ తెల్ల గోడ మీద తెల్ల పువ్వు కనపడలేదు. తెల్లపూల తోటకు ముందు కావాల్సింది చిక్కటి ఆకుపచ్చ. అందుకే గోడకు అడుగున్నర ఎడం వదిలి, మొక్కకూ మొక్కకూ 3 అడుగుల దూరంలో ముద్ద నందివర్ధనం వరుస వేసి, లిల్లీలను దాని ముందుకు తెచ్చాను. ఆ అడుగున్నర వదలడం అవసరం. గోడ నుంచి రాలే సున్నం, సిమెంటు వేర్ల దగ్గర చేరితే మొక్కకు ఇనుము అందదు. లేతాకు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. మల్లెలో ఇది త్వరగా కనిపిస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, ఎండ తగ్గాక ఆకులు తడిసేలా కొట్టాలి. కొత్త ఆకు పచ్చగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ కొట్టాలి.

గుంట అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు. తీసిన ఇసుకలో రెండు తట్టల చెరువు మట్టి, 10 కిలోల మాగిన పశువుల ఎరువు, అరకిలో వేపపిండి కలిపి నింపాను. ఉత్త ఇసుకలో పోసిన నీళ్లూ ఎరువూ వేర్లకు అందకుండా కిందికి దిగిపోతాయి. నర్సరీ మొక్కలు చాలావరకు కడియం వైపు నుంచి బంకమట్టి ముద్దతో వస్తాయి. ఆ ముద్దను అలాగే ఇసుకలో పాతితే చుట్టూ తడి ఉన్నా లోపల ఎండిపోతుంది, నెలలోపే మొక్క వాడుతుంది. బకెట్టు నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచి, అంచుల మట్టిని వేళ్లతో వదులు చేసి నాటాలి.

నాటడానికి సెప్టెంబరు ఆఖరు మంచిది. మనకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, ఆ నీళ్లు మట్టిలోని ఉప్పును కిందికి కడిగేస్తాయి. వేసవిలో ఉప్పునీళ్లు తప్పవు కాబట్టి వాటిని ఆకుల మీద పడనీయకూడదు, అంచులు మాడి తెల్ల మచ్చలు కడతాయి. రోజూ చెంబెడు పోయడం కంటే రెండు మూడు రోజులకోసారి మొదలు నిండా పోయడమే మేలు. కొద్దికొద్దిగా పోస్తే ఉప్పు పైనే పేరుకుంటుంది. ఉప్పును ఎక్కువగా తట్టుకునేవి గన్నేరు, బిళ్ళగన్నేరు, కాగితంపూలు. మల్లె అంతగా తట్టుకోదు, డాబా మీద పడిన వాననీళ్లు డ్రమ్ముల్లో పట్టి దానికే దాచాను. గన్నేరు అన్ని భాగాలూ విషమే, చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు.

తెలుపని చెప్పి అమ్మేవన్నీ తెలుపు కావు. జాజి మొగ్గకు వెనకవైపు గులాబీ చార ఉంటుంది. లిల్లీలో ప్రజ్వల్ రకం మొగ్గ కొద్దిగా గులాబీ, వైభవ్ రకం మొగ్గ ఆకుపచ్చ. నేను వైభవ్ వైపే మొగ్గుతాను. బిళ్ళగన్నేరు నారు పూయకముందే కాండం చూడండి, ఎర్రటి ఛాయ ఉంటే పువ్వు గులాబీ, పూర్తిగా పచ్చగా ఉంటే తెలుపు కావచ్చు. పువ్వు నడుమ ఎర్ర కన్ను ఉందా లేదా అన్నది మాత్రం పూశాకే తేలుతుంది. తెలుపూ గులాబీ కలిసి పూసే కాగితంపూల చెట్టులో గులాబీ కొమ్మ కనపడగానే మొదలంటా కోసేయాలి. పారిజాతం కాడ నారింజ రంగే, అయినా వదులుకోబుద్ధి కాలేదు, ఒక మూలకు పెట్టాను.

మల్లెమొగ్గ ఊదారంగుకు తిరిగితే అది రకం దోషం కాదు, మొగ్గను పురుగు తొలిచిందన్నమాట. అలాంటి మొగ్గలు కోసి కాల్చేసి, లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి వారానికోసారి కొట్టాను. నందివర్ధనం, గన్నేరు, బిళ్ళగన్నేరు ఒకే కుటుంబం కాబట్టి బొటనవేలంత లావు ఆకుపచ్చ గొంగళి మూడింటినీ తింటుంది. ఆకుల్లో కలిసిపోయి కనపడదు. నేల మీద మిరియాలంత నల్లటి పెంటికలు కనపడితే సరిగ్గా వాటి పైకొమ్మలో వెతకండి. చేత్తో ఏరేస్తే చాలు, మందు అక్కర్లేదు.

అన్నిటికన్నా ఎక్కువ పని వాడిన పూలది. ఎర్రపువ్వు వాడినా అంతగా తెలియదు, తెల్లపువ్వు గోధుమరంగుకు తిరిగితే మొక్కంతా మురికిగా కనపడుతుంది. ముద్ద నందివర్ధనం పూలు కొమ్మకే ఎండుతాయి. లిల్లీ కంకి కింది నుంచి విచ్చుకుంటూ పోతుంది కనుక పైపువ్వు విచ్చేసరికి కిందిది వాడుతుంది. పొద్దున్నే పది నిమిషాలు గిల్లేయాలి. పడమటి ఎండ సోకే చోట ఈ పని రెట్టింపు, అందుకే లిల్లీలకు తూర్పు వైపు ఇచ్చాను. మల్లెతో ఆ బాధ లేదు, మొగ్గగానే కోసుకుంటాం.

జనవరిలో మల్లెకు రెండు మూడు వారాలు నీళ్లు ఆపి, ఆకు దూసి, నేలకు అడుగున్నర ఎత్తులో కత్తిరించి, ఎరువేసి నీళ్లు పెట్టాలి. మార్చికి మొగ్గ వస్తుంది. అప్పటిదాకా ఆ జాగా మోడుగా ఉంటుంది కాబట్టి ముందు వరుసలో తెల్ల చామంతి, పక్కన కాగడా మల్లెలు వేసుకుంటే చలికాలమంతా తెలుపు తెగదు.