కారు బీమాలో మెడికల్ పేమెంట్స్ కవరేజీ: మేము ఎలా తేల్చుకున్నాం

కాలిఫోర్నియాలో మా కారు బీమా ఆరు నెలలకొకసారి రెన్యూవల్‌కు వస్తుంది. ఈసారి కాగితాలు చేతికి అందేసరికే ఖమ్మం నుంచి ఫ్రీమాంట్‌కు అమ్మానాన్నల ప్రయాణం ఖాయమైంది. వాళ్లిద్దరూ ఐదు నెలలపాటు దాదాపు రోజూ మా కారులోనే తిరుగుతారు కనుక, డిక్లరేషన్స్ పేజీలో (పాలసీలోని కవరేజీలనూ పరిమితులనూ చూపే పేజీ) ఏ వరుస ఎందుకు ఉందో తెలుసుకున్నాకే డబ్బు కట్టాలని నేనూ నా భార్యా నిర్ణయించుకున్నాం. అందులో 'మెడికల్ పేమెంట్స్' అన్న వరుసకు ఎదురుగా 'తీసుకోలేదు' అని ఉంది. ఇక్కడ చట్టప్రకారం అది తప్పనిసరి కాదు. పెద్దవాళ్లను పిలిపించుకుంటున్న తెలుగు కుటుంబాలకు ఉపయోగపడుతుందని ఆ ఒక్క వరుస గురించి నేను తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

అందరూ మెడ్‌పే అని పిలిచే ఈ కవరేజీ, ప్రమాదంలో తప్పు ఎవరిదన్నదానితో సంబంధం లేకుండా, మన కారులో ఉన్న ప్రతి ఒక్కరి వైద్య ఖర్చులనూ ఒక పరిమితి వరకు చెల్లిస్తుంది. అంబులెన్సు, ఎమర్జెన్సీ రూము, ఎక్స్‌రే, శస్త్రచికిత్స, ఫిజియోథెరపీ, దురదృష్టవశాత్తు అవసరమైతే అంత్యక్రియల ఖర్చు దీని కిందికి వస్తాయి. పరిమితి మనిషికి ఇంత అని ఉంటుంది, డిడక్టిబుల్ (ముందుగా మన జేబులోంచి కట్టవలసిన మొత్తం) ఉండదు. 1,000 డాలర్ల నుంచి 10,000 డాలర్ల వరకు తీసుకునేవారే ఎక్కువ, అంతకు మించి ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. పోయిన జీతానికి, పడిన బాధకు, కారు మరమ్మతుకు దీని నుంచి ఒక్క డాలరు కూడా రాదు.

డాలస్‌లో ఉన్న మా బావగారు తమకు ఇలాంటిదే ఇంకొకటి ఉందన్నారు. అది పీఐపీ, అంటే పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్, ఇదీ తప్పు ఎవరిదైనా వైద్య ఖర్చులు ఇచ్చేదే. టెక్సస్‌లో బీమా కంపెనీ కనీసం 2,500 డాలర్ల పీఐపీని ఇవ్వజూపాలి, వద్దనుకుంటే మనం రాతపూర్వకంగా వద్దనాలి. న్యూయార్క్‌లో 50,000 డాలర్లు, ఫ్లోరిడాలో 10,000 డాలర్లు తప్పనిసరి. పీఐపీ పోయిన జీతంలో కొంత భాగాన్ని కూడా ఇస్తుంది. అందువల్ల ఏ రాష్ట్రంలో ఉన్నవారు ఆ రాష్ట్రపు పద్ధతి చూసుకోవాలి, నేను చెప్పేది కాలిఫోర్నియా సంగతి.

మొదట నాకు కలిగిన సందేహం అందరికీ కలిగేదే. ఆరోగ్య బీమా ఉండగా మళ్లీ ఇది ఎందుకు? నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, మా నలుగురి వరకే చూసుకుంటే ఆ సందేహం సబబైనదే. కానీ ఆఫీసు ద్వారా వచ్చిన మా బీమాలో తల్లిదండ్రులను చేర్చే వీలు లేదు. వాళ్లకు ఉండేది విజిటర్ ఇన్సూరెన్స్ ఒక్కటే. దానిలో చౌకగా దొరికే ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్లు ఒక్కొక్క సేవకు ఇంత అని ముందే రాసిపెట్టిన మొత్తాన్నే ఇస్తాయి. ఆసుపత్రి బిల్లు ఎంత ఎక్కువైనా మిగతాది మనమే కట్టుకోవాలి. కాంప్రహెన్సివ్ ప్లాన్లు డిడక్టిబుల్ పోను పెద్ద వాటానే భరిస్తాయి, అయితే డెబ్బై దాటినవారికి గరిష్ఠ పరిమితి తగ్గిపోతుంది. నాన్నకు 71 ఏళ్లు, బీపీ, షుగరు ఉన్నాయి. మేము కాంప్రహెన్సివ్ ప్లానే తీసుకున్నాం, అయినా మా చేతి నుంచి పడవలసింది కొంత ఉండనే ఉంది. మెడ్‌పే ఆ ఖాళీని పూడ్చగలదా అన్నదే నా అసలు ప్రశ్న.

ఆ ప్రశ్నను పట్టుకుని పాలసీ పుస్తకం మొత్తం చదువుతుండగా నన్ను ఆపేసిన వాక్యం మెడ్‌పే విభాగంలో లేదు, లయబిలిటీ (మన తప్పు వల్ల ఇతరులకు కలిగిన నష్టానికి పరిహారం ఇచ్చే భాగం) విభాగంలో ఉంది. నా తప్పు వల్ల ప్రమాదం జరిగితే నా కారులోని వారికి లయబిలిటీ కింద పరిహారం వస్తుందని నేను చాలామందిలాగే అనుకుంటూ వచ్చాను. కానీ మా పాలసీలో, బీమా చేయించుకున్న వ్యక్తికీ, అతని ఇంట్లో నివసించే బంధువులకూ తగిలిన గాయాలకు లయబిలిటీ వర్తించదని స్పష్టంగా ఉంది. కాలిఫోర్నియా చట్టం ఇటువంటి మినహాయింపును అనుమతిస్తుంది. అంటే నేను నడుపుతున్న కారులో, నా పొరపాటు వల్ల, నా భార్యకో పిల్లలకో దెబ్బ తగిలితే, పక్క కారువాళ్లకు అందే పరిహారం నా వాళ్లకు అందదు.

వెంటనే ఏజెంటుకు ఫోన్ చేశాను. ఆమె తెలుగువారే, ఎంతో ఓపికగా మాట్లాడారు. "మేడమ్, ఐదు నెలలు మా ఇంట్లో ఉండే అమ్మానాన్నలు మా ఇంట్లో నివసించే బంధువుల కిందికి వస్తారా, రారా?" అని అడిగాను.

"అది నేను ఇప్పుడు అవుననీ చెప్పలేనండీ, కాదనీ చెప్పలేను. క్లెయిము వచ్చినప్పుడు కంపెనీ తరఫున దాన్ని పరిశీలించే అడ్జస్టరు పరిస్థితులన్నీ చూసి తేలుస్తారు. వాళ్ల శాశ్వత నివాసం ఇండియా కాబట్టి రారని వాదించవచ్చు. కానీ ఆ వాదన మీద ఆధారపడి కూర్చోమని మాత్రం నేను మీకు చెప్పను," అన్నారు.

"మరి మెడ్‌పేలో ఈ చిక్కు ఉండదా?"

"కారులో కూర్చుని ఉన్నప్పుడైతే ఉండదండీ. మీ కారులో ఎక్కినవారు ఎవరైనా సరే, బంధువా, స్నేహితుడా, ఇంట్లో ఉంటున్నారా లేదా అని ఎవరూ అడగరు. రోడ్డు దాటుతుండగా వేరే కారు తగిలితే మాత్రం మళ్లీ నివాసం ప్రశ్న వస్తుంది."

నా నిర్ణయంలో సగం అక్కడే అయిపోయింది. తప్పు నాదైన ప్రమాదంలో మా అమ్మానాన్నలకు సందేహానికి తావు లేకుండా అందే డబ్బు, నా కారు బీమా మొత్తంలో, అదొక్కటే.

మిగతా సగం విషయంలో నా భార్యకు వేరే అభిప్రాయం ఉంది, అది బలమైనది కూడా. ఎదుటివాడి తప్పు వల్ల ప్రమాదం జరిగి, వాడికి బీమా లేకపోతేనో చాలకపోతేనో ఆదుకునేది అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజీ కనుక, ఉన్న డబ్బును ముందు దాన్ని పెంచడానికి వాడాలని ఆమె అన్నది. కాలిఫోర్నియాలో ఎదుటివాడికి చట్టప్రకారం ఉండాల్సిన కనీస లయబిలిటీ 2025 జనవరి 1 దాకా మనిషికి 15,000, ప్రమాదానికి 30,000 డాలర్లే ఉండేది. ఇప్పుడు అది 30,000, 60,000 అయింది. తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స అవసరమైన ఒక్క పెద్దమనిషికే ఆ పెంచిన మొత్తం చాలకపోవచ్చు. ఆమె వాదన సరైనదని నేను ఒప్పుకున్నాను. రెండింటిలో ఒక్కదానికే డబ్బున్నవారు ముందు లయబిలిటీనీ, అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజీనీ పెంచుకోవాలనే ఈనాటికీ నేను చెబుతాను. అయితే ఆ డబ్బు రావాలంటే తప్పు ఎవరిదో తేలాలి, నష్టం ఎంతో తేలాలి, దానికి నెలలు పడుతుంది. ఆసుపత్రి బిల్లులు అన్ని నెలలు ఆగవు. ఈలోగా అమ్మానాన్నలు తిరుగు ప్రయాణమై వెళ్లిపోతారు, బిల్లులు మా చిరునామాకు వస్తూనే ఉంటాయి. బిల్లు పంపగానే మొదట కదిలేది మెడ్‌పే కనుక, రెండూ ఉంచుకోవాలని ఇద్దరం ఒక మాటకు వచ్చాం.

మా నలుగురికి దీని ఉపయోగం అంత పెద్దది కాదు గానీ, లేకపోలేదు. మా ఆరోగ్య బీమా, హెచ్‌ఎస్‌ఏతో (వైద్య ఖర్చులకు పన్ను లేకుండా డబ్బు దాచుకునే ఖాతా) కూడిన హై డిడక్టిబుల్ ప్లాను. ఏడాదిలో మొదటి 4,000 డాలర్లు మేమే కట్టుకోవాలి. ప్రమాదం జరిగితే ఆ మొత్తాన్ని మెడ్‌పే నుంచి తీసుకోవచ్చు. కారు బీమాలోని ఈ కవరేజీ వల్ల హెచ్‌ఎస్‌ఏ అర్హత పోతుందేమోనని భయపడి ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) వారి 969వ ప్రచురణ చూశాను. ప్రమాదాలకు సంబంధించిన బీమా ఉన్నా అర్హత పోదని అందులో ఉంది. ఒకే బిల్లుకు మెడ్‌పే నుంచీ, హెచ్‌ఎస్‌ఏ నుంచీ రెండుసార్లు తీసుకోకూడదన్నది గుర్తుంచుకుంటే చాలు.

వీడియో కాల్‌లో ఈ సంగతి చెబితే నాన్న, "ఐదు నెలల కోసం ఇంత ఖర్చు ఎందుకురా? నేను ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటాను కదా," అన్నారు. లివర్‌మోర్ గుడికి వెళ్లే దారిలో 680 ఫ్రీవే మీద కార్లు ఎంత వేగంతో పోతాయో ఆయనకు పోయినసారి చూసిన జ్ఞాపకం ఉంది, దాన్నే గుర్తుచేశాను. "ఇదీ బెల్టులాంటిదే నాన్నా," అన్నాను. "సరే, నీ ఇష్టం" అన్నారు.

ఇక ఎంత తీసుకోవాలన్నది మిగిలింది. రెండు కార్లకూ కలిపి 5,000కూ 10,000కూ మధ్య ప్రీమియంలో తేడా ఆరు నెలలకు 20 డాలర్ల లోపే ఉండటంతో 10,000 ఎంచుకున్నాం. సంతకం పెట్టే ముందు ఏజెంటును రెండు విషయాలు ఈమెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకున్నాను. ఒకటి గడువు: మా పాలసీలో ప్రమాదం జరిగిన తేదీ నుంచి ఏడాదిలోగా జరిగిన వైద్యానికే డబ్బు ఇస్తారు, మూడేళ్లు ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. రెండోది తిరిగి చెల్లింపు: తరువాత ఎదుటి కారు బీమా నుంచి పరిహారం వస్తే, మెడ్‌పే కింద ఇచ్చినదాన్ని మా కంపెనీ వెనక్కు అడగవచ్చు. అందుచేత దీన్ని పరిహారానికి పైన వచ్చే అదనపు సొమ్ముగా లెక్కవేసుకోకూడదు.

అమ్మానాన్నలు వెళ్లిపోయాక దీన్ని తీసేయాలా అన్న ఆలోచన కూడా వచ్చింది. వారాంతంలో మనబడి (పిల్లలకు తెలుగు నేర్పే బడి) తరగతులకు మా పిల్లలతోపాటు పక్కింటి పిల్లలిద్దరినీ మా కారులోనే తీసుకెళ్తాం, వాళ్ల తల్లిదండ్రుల ఆరోగ్య బీమా ఎలాంటిదో మాకు తెలియదు. అందుకని వచ్చే రెన్యూవల్‌లోనూ ఉంచమనే చెప్పాం. కొత్త డిక్లరేషన్స్ పేజీ రాగానే రెండు కార్లకూ ఆ వరుసలో 10,000 ఉందో లేదో విడివిడిగా చూసుకున్నాను, ఎందుకంటే ఈ కవరేజీని పాలసీ అంతటికీ కాకుండా ఒక్కొక్క కారుకు వేరుగా నమోదు చేసే కంపెనీలు ఉన్నాయి, మాదీ అలాంటిదే.